రీబిల్డ్ చేసిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో కన్వర్టర్ వణుకు: అపోహలు - వాస్తవాలు

గేర్‌బాక్స్ రీబిల్డ్ చేయించి నెల తిరగకముందే, గంటకు 60-80 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్‌ను తేలికగా తొక్కి పోతున్నప్పుడు, వరుస గతుకుల మీద నడిచినట్టు బండి రెండు మూడు సెకన్ల పాటు వణికి, ఆ వణుకు దానంతటదే తగ్గిపోతే, యజమాని నోట వచ్చే మొదటి మాట "కన్వర్టర్ పోయింది" అన్నదే. కన్వర్టర్ అంటే టార్క్ కన్వర్టర్, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం. అమెరికాలో పికప్ ట్రక్కుల ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి కట్టడం నా వృత్తి. ఆ మాట నిజమైనప్పుడు కూడా, కన్వర్టర్‌ను పాడుచేసినది ఏమిటో తేలకుండా కొత్తది బిగిస్తే, అదీ పాతదాని దారే పడుతుంది.

నేను రాస్తున్నది ప్రధానంగా షెవర్లే సిల్వరాడో వంటి ట్రక్కుల్లో వచ్చిన 4ఎల్60-ఈ అనే నాలుగు గేర్ల యూనిట్ గురించి. మన దేశంలో అమ్ముడయ్యే ఏఎంటీ (మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌లో గేర్లను యంత్రమే మార్చే) బళ్లలో టార్క్ కన్వర్టర్ ఉండదు కనుక ఈ చర్చ వాటికి వర్తించదు. టయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్ ఆటోమేటిక్‌లలో మాత్రం కన్వర్టర్ ఉంటుంది, దాని పని తీరూ మూలంలో ఇదే. కన్వర్టర్‌లో ఇంజిన్ తిప్పే పంపు చక్రానికి, గేర్‌బాక్స్‌ను తిప్పే టర్బైన్ చక్రానికి నడుమ ఆయిల్ మాత్రమే ఉంటే కొంత జారుడు తప్పదు. వేగం కుదురుకున్నాక ఆ జారుడును అరికట్టడానికి కన్వర్టర్ లోపల ఒక లాకప్ క్లచ్ పట్టుకుంటుంది. అది గట్టిగా పట్టలేక, పూర్తిగా వదలలేక, క్షణక్షణం అంటుకుంటూ జారుతూ ఉండడమే ఈ వణుకు.

అపోహ: బ్రేక్ పెడల్‌ను కొద్దిగా తాకగానే వణుకు ఆగింది కాబట్టి లోపం కన్వర్టర్‌లోనే ఉంది.

వాస్తవం: పెడల్‌ను తాకితే బ్రేక్ స్విచ్ ద్వారా లాకప్ విడిపోతుంది, అంతవరకు నిజమే. అయితే లాకప్ పట్టినప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం పడిపోయి, దాని మీద భారం పెరిగి, ఇంజిన్‌కూ చక్రాలకూ నేరుగా బంధం ఏర్పడుతుంది కనుక, అప్పటిదాకా ఆయిల్ మింగేసిన చిన్న మిస్‌ఫైర్ (ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) కూడా సీటు దాకా తెలుస్తుంది. లాకప్ విడిపోగానే అదీ మాయమవుతుంది. అంటే ఈ పరీక్షలో అరిగిన క్లచ్, పాడైన స్పార్క్ ప్లగ్ ఒకేలా కనిపిస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్స్ లోపాన్నీ టైర్ల లోపాన్నీ పక్కన పెట్టడానికి మాత్రం ఇది పనికొస్తుంది, ఎందుకంటే అవి బండి వేగాన్ని బట్టి వస్తాయే తప్ప పెడల్ తాకితే పోవు.

లోపం ఇంజిన్‌దా, క్లచ్‌దా అన్నది, బండి కంప్యూటర్ అంకెలు చూపే స్కాన్ టూల్‌లో జారుడు అంకె, అంటే ఇంజిన్ వేగానికీ టర్బైన్ వేగానికీ ఉన్న తేడా, చూసి తేల్చాలి. చాలా 4ఎల్60-ఈ యూనిట్లలో ఇన్‌పుట్ (టర్బైన్) వేగాన్ని కొలిచే సెన్సర్ లేదు. ఔట్‌పుట్ వేగాన్ని గేర్ నిష్పత్తితో గుణించి కంప్యూటర్ టర్బైన్ వేగాన్ని లెక్క కడుతుంది. నాలుగో గేర్ నిష్పత్తి 0.696 కాబట్టి, ఔట్‌పుట్ 2000 ఆర్‌పీఎం ఉన్నప్పుడు టర్బైన్ 1392 దగ్గర తిరుగుతుంది. ఇంజిన్ కూడా ఇంచుమించు అంతే తిరుగుతూ, ఆ తేడా నిలకడగా ఉండగా బండి వణికితే ఇంజిన్ వైపు చూడాలి. వణుకుతో పాటు ఆ తేడా ఎగిరిపడుతుంటే లాకప్ వైపు చూడాలి. మిస్‌ఫైర్ లెక్కలను నమ్మేటప్పుడు జాగ్రత్త అవసరం. ఆ లెక్క క్రాంక్‌షాఫ్ట్ వేగంలోని ఒడుదొడుకుల నుంచి వస్తుంది కాబట్టి, లాకప్ వణుకే అక్కడ మిస్‌ఫైర్‌గా నమోదు కావచ్చు. అసలైన మిస్‌ఫైర్ సాధారణంగా ఒకటి రెండు సిలిండర్లలోనే పేరుకుంటుంది, వణుకు వల్ల వచ్చినది అన్ని సిలిండర్లకూ చెదురుమదురుగా పడుతుంది. 2007 తర్వాతి 5.3 లీటర్ల ఇంజిన్లలో సగం సిలిండర్లను ఆపే ఏర్పాటు ఉన్న బండి అయితే, ఆ ఏర్పాటు పని చేస్తున్న క్షణంలోనే కంపనం వస్తోందా అన్నదీ చూడాలి.

అపోహ: కంప్యూటర్‌లో లోపపు కోడ్ రాలేదు కాబట్టి లోపం లేదు.

వాస్తవం: జారుడు ఒక పరిమితిని దాటి కొంతసేపు కొనసాగితే తప్ప కంప్యూటర్ కోడ్ రాయదు. వణుకులో జారుడు తక్కువ, అదీ క్షణాల పాటే.

అపోహ: స్టాల్ టెస్ట్‌లో నెగ్గింది కాబట్టి కన్వర్టర్ బాగుంది.

వాస్తవం: బ్రేక్ తొక్కి పట్టి, బండిని గేర్‌లో ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే ఆ పరీక్ష జరుగుతున్నంతసేపూ లాకప్ క్లచ్ పట్టదు. స్టేటర్‌లోని (కన్వర్టర్ లోపల ఆయిల్ ప్రవాహాన్ని మళ్లించే చక్రంలోని) ఒకవైపు మాత్రమే తిరిగే క్లచ్ గురించి, ఇంజిన్ బలం గురించి చెప్పే పరీక్ష అది. పైగా ఐదు సెకన్లకు మించి చేస్తే ఆయిల్‌ను కాల్చేస్తుంది.

అపోహ: కొత్త కన్వర్టర్ వేస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించే అపోహ ఇదే, ఎందుకంటే దీని ఖర్చు యజమాని మీద రెండుసార్లు పడుతుంది. ఒక 2004 సిల్వరాడో నా దగ్గరికి వచ్చేసరికి, వేరొక చోట రీబిల్డ్ అయ్యాక అప్పటికే రెండు కన్వర్టర్లు మారాయి. వణుకు మాత్రం ప్రతిసారీ కొన్ని వారాలకు తిరిగి వచ్చింది. ఆయిల్ ఒత్తిడిని నడిపే వాల్వులు ఉండే వాల్వ్ బాడీ విప్పి, లాకప్ రెగ్యులేటర్ వాల్వ్ ఉండే రంధ్రానికి వ్యాక్యూమ్ పెట్టి చూస్తే అది నిలవలేదు, అంటే అక్కడ సందు ఉంది.

కారణం ఆ యూనిట్ నిర్మాణంలోనే ఉంది. లాకప్ ఒత్తిడిని నియంత్రించే సోలినాయిడ్ (విద్యుత్తుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) సెకనుకు 32 సార్లు కొట్టుకుంటుంది. ఆ లయకు వాల్వ్ ఎడతెగక ఊగి, మెత్తని అల్యూమినియం రంధ్రాన్ని అరగదీస్తుంది. అరిగిన సందులోంచి ఆయిల్ కారిపోయి, క్లచ్‌కు చేరే ఒత్తిడి తగ్గుతుంది. జారుడు ముదిరితే పీ1870 కోడ్ వచ్చి, కంప్యూటర్ లైన్ ప్రెషర్‌ను (గేర్‌బాక్స్‌లోని ప్రధాన ఆయిల్ ఒత్తిడిని) పెంచేయడంతో గేర్లు కుదుపుతో పడతాయి. క్లచ్ ప్లేట్లు, సీళ్లు మార్చి వాల్వ్ బాడీని కడిగి తిరిగి బిగించిన రీబిల్డ్‌లో ఈ అరుగుదల అలాగే మిగిలిపోతుంది. రంధ్రాన్ని రీమ్ చేసి (కచ్చితమైన కొలతకు వెడల్పు చేసి) పెద్ద సైజు వాల్వ్ వేయడమో, వాల్వ్ బాడీనే మార్చడమో చేయాలి. దానితో పాటు ఇన్‌పుట్ షాఫ్ట్ కొసన ఉండే చిన్న ఓ-రింగ్‌ను కూడా చూడాలి; కన్వర్టర్ ఎక్కించేటప్పుడు అది తెగినా లాకప్ సరిగా పట్టదు. ఆ రింగ్ ధర ఎంతో చెప్పనవసరం లేదు, దాని కోసం గేర్‌బాక్స్ మొత్తం మళ్లీ దించాలి.

అపోహ: రీబిల్డ్ కన్వర్టర్ ఏదైనా ఒకటే, బోల్టులు కుదిరితే చాలు.

వాస్తవం: లోపలి లాకప్ క్లచ్ మీద ఉండే లైనింగ్ (పట్టునిచ్చే పొర) ముఖ్యం. పట్టు లేదా విడుపు అన్న రెండే స్థితుల కోసం చేసిన కాగితపు లైనింగ్, కావాలనే కొద్దిపాటి జారుడు ఉంచే కంప్యూటర్ ఉన్న బండిలో త్వరగా కాలిపోతుంది. అటువంటి బండికి ఆ వేడిని తట్టుకునే నేసిన కార్బన్ లైనింగ్ ఉన్న కన్వర్టర్ కావాలి. మోడల్ సంవత్సరంతో పాటు లైనింగ్ రకం కూడా చెప్పగలిగిన సరఫరాదారు దగ్గరే నేను కొంటాను.

అపోహ: వణుకును ఆపే మందు సీసాను ఆయిల్‌లో పోస్తే నయమవుతుంది, లేదా అది అసలు పని చేయదు.

వాస్తవం: ఈ రెండు మాటలూ తొందరపాటే. క్లచ్ జారుతున్న వేగం పెరిగేకొద్దీ ఘర్షణ కూడా కొద్దిగా పెరిగితే పట్టు నున్నగా వస్తుంది; ఆ గుణాన్ని ఇచ్చే రసాయనాలు వేడికి అరిగిపోతే ఘర్షణ తలకిందులై వణుకు మొదలవుతుంది. కాబట్టి లైనింగ్ ఇంకా బాగుంటే ఆయిల్ మార్పుతోనే వణుకు పోయే అవకాశం ఉంది. 8-స్పీడ్ గేర్‌బాక్సుల వణుకుకు జనరల్ మోటార్స్ స్వయంగా వేరే రకం ఆయిల్‌తో ఫ్లష్ చేయమని డీలర్లకు సూచించింది. 4ఎల్60-ఈలో పాన్ (అడుగున ఉండే ఆయిల్ పళ్లెం) దించితే దాదాపు 5 లీటర్లే బయటికి వస్తుంది, మొత్తం పట్టేది అందుకు రెట్టింపుకు పైగా. అందువల్ల ఒక్కసారి మార్చి ఫలితాన్ని తీర్పుగా తీసుకోకూడదు. అరిగిన రంధ్రాన్ని, కాలిన లైనింగ్‌ను ఏ సీసా బాగు చేయదు.

అపోహ: రేడియేటర్‌లోని గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ చిల్లుపడి ఆయిల్‌లో కూలెంట్ కలిసినా, రేడియేటర్ మార్చి ఆయిల్ ఫ్లష్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: గులాబీ రంగు పాలలా మారిన ఆ ఆయిల్ బయటికి పోయినా, అందులోని గ్లైకాల్ లైనింగ్‌ను అంటించిన జిగురును అప్పటికే వదులు చేసి ఉంటుంది, నీరు కాగితంలో ఇంకి ఉంటుంది. కొన్నాళ్లు బాగా నడిచి, ఆ తరువాత వణుకుతో మొదలై లైనింగ్ పొరలుగా ఊడిపోతుంది. అటువంటి బండికి రేడియేటర్‌తో పాటు కన్వర్టర్, క్లచ్ ప్లేట్లు మార్చడానికి యజమాని ఒప్పుకోకపోతే నేను ఆ పని చేపట్టను.