ఇంట్లో బ్రెడ్: క్లాసుల్లో నాకు రోజూ ఎదురయ్యే అపోహలు

ఇంట్లో బ్రెడ్ చేయడం నేర్పడమే నా పని. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి చేసి చూసి, ఇటుకలా గట్టిగా వచ్చిందని నిరాశపడ్డవాళ్లే. వాళ్ల చేతివాటంలో లోపమేమీ ఉండదు. ఎక్కడో విన్న మాటను నమ్మి, ఎదురుగా ఉన్న పిండిని సరిగా చూడరు, అంతే.

అపోహ: పిండి చేతికి అతుక్కుంటుంటే నీళ్లు ఎక్కువైనట్టే, ఇంకాస్త పొడిపిండి చల్లాలి.

బ్రెడ్ ఎక్కువగా చెడేది ఇక్కడే కాబట్టి ముందు దీని సంగతే చెప్తాను. 500 గ్రాముల మైదాకి 325 నుంచి 350 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. గోధుమపిండి అయితే ఇంకొంచెం ఎక్కువే, అందులోని పొట్టు నీళ్లు బాగా పీలుస్తుంది. కలిపిన వెంటనే ముద్ద జిగటగా, గరుకుగా ఉంటుంది. అలాగే ఉండాలి కూడా. అప్పుడు టెన్షన్ పడి పిండి చల్లకండి. మూతపెట్టి అరగంట వదిలేయండి.

ఆ అరగంటలో పిండిలోని గ్లయడిన్, గ్లూటెనిన్ అనే ప్రోటీన్లు నీళ్లు పీల్చుకుని, వాటంతట అవే గ్లూటెన్‌గా, అంటే సాగే వలలా, అల్లుకోవడం మొదలుపెడతాయి. మూత తీసి, వేళ్లు తడి చేసుకుని, ముద్ద అంచు ఒకటి పట్టుకుని పైకి లాగి చూడండి. ఇందాక పుటుక్కున తెగిన పిండే ఇప్పుడు సాగుతుంది. సాగిన అంచును మధ్యలోకి మడిచి, గిన్నెను కాస్త తిప్పి, నాలుగు వైపులా ఇలాగే చేయండి. అరగంటకోసారి మూడు నాలుగు విడతలు చేస్తే చేతులు నొప్పి పుట్టేలా పిసకాల్సిన అవసరమే రాదు. పిండి, నీళ్లు మాత్రమే కలిపి కాసేపు ఆపే పద్ధతిని ఫ్రాన్స్‌కు చెందిన బ్రెడ్ నిపుణుడు రేమండ్ కాల్వెల్ 1970ల్లో ఆటోలీజ్ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. చేతుల్లో బలం తక్కువని వెనకాడే పెద్దవాళ్లకు నేను మొట్టమొదట చూపించేది దీన్నే.

అపోహ: ఉప్పు తగిలితే ఈస్ట్ (పిండిని పొంగించే సూక్ష్మజీవి) చచ్చిపోతుంది.

500 గ్రాముల పిండికి 10 గ్రాముల ఉప్పు వేస్తాం. దానివల్ల పొంగడం కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఉప్పునూ ఈస్ట్‌నూ ఒకేచోట కుప్పగా పోసి వదిలేయకుండా కలిపేస్తే చాలు. ఈస్ట్‌ని నిజంగా చంపేది వేడినీళ్లు. 60 డిగ్రీల దగ్గర అది బతకదు, 35 నుంచి 40 డిగ్రీలు సరిపోతాయి. థర్మామీటర్ లేకపోతే మణికట్టు మీద నాలుగు చుక్కలు వేసుకోండి. హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు.

అపోహ: రెసిపీలో గంట అంటే గంటే.

రాసినవాళ్ల వంటగది వేడి వేరు, మీ వంటగది వేడి వేరు. వెచ్చని గదిలో ముప్పావు గంటకే పొంగే పిండి, చల్లని గదిలో మూడు గంటలు తీసుకోవచ్చు. అందుకే గడియారం కంటే వేలిని నమ్మమంటాను. టిన్నులో పెట్టిన ముద్ద పొంగాక, వేలికి కాస్త పిండి అద్దుకుని అర అంగుళం లోతు నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. నెమ్మదిగా సగం వరకే పూడితే ఓవెన్‌లో పెట్టేయండి. గుంట అలాగే ఉండిపోతే పొంగడం ఎక్కువైందని అర్థం. అప్పుడు కూడా పారేయకండి. గాలి తీసి, మళ్లీ ఆకారం చేసి, ఇంకోసారి పొంగనిస్తే చాలావరకు దారికొస్తుంది. తీరిక ఉంటే పిండిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఈస్ట్ చావదు, మెల్లగా పనిచేస్తుంది, రుచి పెరుగుతుంది.

అపోహ: మాంసాన్ని ముందు ఎర్రగా వేయిస్తే రసం లోపలే ఉండిపోతుంది.

బ్రెడ్ నేర్చుకున్నాక కొత్త వంటకాల మీదికి వెళ్లేవాళ్లు ఇది అడుగుతారు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ వల్ల బాగా పాకిన నమ్మకమిది. పెనం మీద చుయ్‌మనే శబ్దాన్ని వినండి, అది బయటికొచ్చిన రసం ఆవిరవుతున్న చప్పుడే. అయినా వేయించడం మానకండి, ఆ ఎరుపులోనే రుచంతా ఉంది. మాంసం ఎర్రబడేటప్పుడు జరిగే రసాయన చర్యే బ్రెడ్ పైపొరకు కూడా రంగునూ వాసననూ ఇస్తుంది. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయార్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. తడి ఉన్నచోట అది సరిగా జరగదు కాబట్టి మాంసాన్ని ముందు బాగా తుడిచి పెనం మీద వేయండి.

అపోహ: బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటుంది.

బూజు ఆలస్యంగా పడుతుంది, ఆ మాట నిజం. మెత్తదనం మాత్రం త్వరగా పోతుంది. తడి ఆరకుండా మూసి ఉంచిన బ్రెడ్ కూడా గట్టిపడుతుందని ఫ్రాన్స్‌లో బూసెంగో అనే శాస్త్రవేత్త 1852లోనే చూపించారు. లోపలి పిండిపదార్థం మళ్లీ బిగుసుకోవడమే అందుకు ముఖ్య కారణం, ఫ్రిజ్ చల్లదనంలో అది ఇంకా వేగంగా జరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో తినేదైతే డబ్బాలో వేసి బయటే ఉంచండి. మిగతాది చల్లారాక ముక్కలు కోసి, గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినప్పుడు ముక్క తీసి, కరిగేదాకా ఆగకుండా నేరుగా టోస్ట్ చేసుకోవచ్చు.