ఆడపిల్ల వాటా గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు మైలాపూరు నుంచి అమ్మమ్మ ఆశీస్సులు.

ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఇవ్వడం మన సంప్రదాయం కాదని మీలో కొందరు అనుకుంటున్నట్లు తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. స్త్రీధనాన్ని ధర్మశాస్త్రాలే గుర్తించాయి. కలిగిన తెలుగు కుటుంబాలవారు పెళ్లినాడు పసుపుకుంకుమల కింద కూతురికి కొంత పొలం రాసి ఇచ్చేవారు. అయితే అది పుట్టింటివారి ప్రేమను, స్తోమతను బట్టి దక్కేదే తప్ప, ఇవ్వకపోతే అడిగే అధికారం ఆమెకు లేదు. కొడుకుకు మాత్రం పిత్రార్జితంలో పుట్టుకతోనే భాగం ఉండేది. మారవలసి వచ్చింది ఈ తేడాయే.

ఎనిమిదో ఏటనే పెళ్లి చేసిన ఒక రాజమండ్రి పిల్ల పెరిగి పెద్దదై ఈ చెన్నపట్నంలో 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది, న్యాయశాస్త్రం చదివింది, రాజ్యాంగ సభలో సభ్యురాలై స్త్రీల ఆస్తిహక్కు కోసం వాదించింది. ఆమే దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ 1986లోను, తమిళనాడు 1989లోను ఇచ్చినా, అప్పటికే పెళ్లయినవారిని రెండూ వదిలివేశాయి. నా ఈడు ఆడవాళ్లకు ఇది ఎంత బాధ కలిగించిందో చెప్పలేను. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ భేదాన్ని తొలగించింది. ఆ సవరణ వచ్చే నాటికి తండ్రి జీవించి లేకపోయినా కూతురికి ఈ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇంత జరిగినా, రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి వచ్చే అక్కచెల్లెళ్లు నేటికీ ఉన్నారు. వాటా అడిగితే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయనే భయమే చాలామంది చేత ఆ సంతకం పెట్టిస్తుంది. కట్నం ఇచ్చాము కదా అనేవారికి చెప్పండి: కట్నం 1961 నుంచి నేరం, పైగా అది చేరేది అత్తింటివారి చేతికి. సారె పెట్టడం, పండుగకు పిలవడం వంటి మంచి ఆచారాలను మీరు తప్పక నిలుపుకోండి, కానీ వాటిని వాటాకు బదులుగా చూపవద్దు.

మనవలారా, రేపు మీ ఇంట పంపకాలు జరిగినప్పుడు దస్తావేజు నకలును ముందుగానే మీ అక్కచెల్లెళ్లకు ఇచ్చి, తమకు నమ్మకమున్న వకీలుకు చూపించుకోమనండి. ఆ తరువాత తన వాటాను ఆమె మనస్ఫూర్తిగా వదులుకుంటానంటే అది ఆమె ఇష్టం.

ఇట్లు,
మీ అమ్మమ్మ