158 సెక్షన్ల రాజ్యాంగం: జమ్మూకశ్మీర్ రాజ్యాంగ సభ చెప్పకుండా వదిలేసిన మాట

జమ్మూకశ్మీర్‌కు ప్రత్యేక ప్రతిపత్తి ఇచ్చిన 370వ అధికరణం పేరు వినని తెలుగువాడు ఉండడు. అదే జమ్మూకశ్మీర్‌కు 62 ఏళ్లపాటు విడిగా ఒక రాజ్యాంగం ఉండేదని తెలుసా అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. 158 సెక్షన్లు, 13 భాగాలు. అధికరణాలు కాదు, మామూలు చట్టంలో మాదిరి సెక్షన్లే.

అసలు విడిగా ఎందుకు? 1947 అక్టోబర్ 26న మహారాజా హరిసింగ్ సంతకం పెట్టిన చేరిక పత్రం రక్షణ, విదేశీ వ్యవహారాలు, కమ్యూనికేషన్లు అనే మూడు అంశాలనే భారత్‌కు అప్పగించింది. మున్ముందు రాబోయే భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుని తీరాలన్న నిర్బంధం తనపై లేదని అందులోని 7వ క్లాజులో రాసుకున్నారు. ఆ మాట కశ్మీర్ పత్రంలోనే ఉందనుకోవడం పొరపాటు. మిగతా సంస్థానాలు సంతకం చేసిన నమూనా కూడా అదే. సొంత రాజ్యాంగాలు రాసుకునే ఆలోచన మైసూరు, సౌరాష్ట్ర, తిరువాన్కూరు-కొచ్చిన్‌లలోనూ నడిచింది. 1949 మేలో అవి వేర్వేరుగా అక్కర్లేదని ఒప్పుకున్నాయి. చేరిక పత్రంపై సంతకమే పెట్టని నిజాం సైతం, పోలీసు చర్య జరిగిన ఏడాదికి, 1949 నవంబర్‌లో ఫర్మానా ఇచ్చి భారత రాజ్యాంగాన్నే హైదరాబాద్‌కు అంగీకరించాడు. చివరికి మిగిలింది కశ్మీర్ ఒక్కటే. అక్కడ యుద్ధం జరిగింది, వివాదం ఐక్యరాజ్యసమితికి ఎక్కింది.

అందుకే 1949 అక్టోబర్ 17న గోపాలస్వామి అయ్యంగార్ భారత రాజ్యాంగ సభ ముందుకు 306-ఎ ముసాయిదా తెచ్చారు. ఒకప్పుడు హరిసింగ్ దగ్గరే ప్రధానమంత్రిగా పనిచేసిన మనిషి ఆయన. ఈ వివక్ష ఎందుకని సభ్యుడు హస్రత్ మొహానీ అడిగితే, కశ్మీర్ పరిస్థితులు వేరని, ఆ రాష్ట్రం ఇంకా పూర్తి విలీనానికి సిద్ధంగా లేదని జవాబిచ్చారు. ఆ ముసాయిదాయే 370 అయింది. అందులో ఒక మెలిక ఉంది. ఈ అధికరణం ఇక వర్తించదని రాష్ట్రపతి ప్రకటించవచ్చు, కానీ అంతకుముందు ఆ రాష్ట్ర రాజ్యాంగ సభ సిఫారసు ఉండాలి. ఆ సభ అప్పటికింకా పుట్టనే లేదు.

ఆ సభకు 1951లో ఎన్నికలు జరిగాయి. 75 స్థానాలూ నేషనల్ కాన్ఫరెన్స్‌వే, అందులో అత్యధికం పోటీ లేకుండానే. ఇలాంటి సభను ఎంతవరకు ప్రజల గొంతు అనాలో పాఠకులకే వదిలేస్తాను. అక్టోబర్ 31న సభ కూర్చుంది, మరుసటి ఏడాది వంశపారంపర్య రాచరికాన్ని తీసేసింది. మహారాజు కొడుకు కరణ్ సింగ్‌నే సదర్-ఎ-రియాసత్‌గా, అంటే రాష్ట్రాధినేతగా ఎన్నుకుంది. 1953 ఆగస్టులో రాష్ట్ర ప్రధానమంత్రి షేక్ అబ్దుల్లాను పదవి నుంచి తప్పించి జైల్లో పెట్టారు. సభను నడిపించిన నాయకుడు జైల్లో ఉండగానే, 1956 నవంబర్ 17న సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. 1957 జనవరి 26న అది అమల్లోకి వచ్చింది, సభ రద్దయింది. 370ని తీసేయమనీ చెప్పలేదు, శాశ్వతంగా ఉంచమనీ చెప్పలేదు. తర్వాతి అరవై ఏళ్ల వ్యాజ్యాలకు మూలం ఈ మౌనమే.

ఇంతకీ ఆ రాజ్యాంగంలో ఏముంది? జమ్మూకశ్మీర్ భారత యూనియన్‌లో అంతర్భాగమని, ఎప్పటికీ అలాగే ఉంటుందని 3వ సెక్షన్ చెప్పింది. ఆ మాటను శాసనసభ కూడా తాకకుండా 147వ సెక్షన్ తాళం వేసింది. మరోపక్క అధికార భాషగా ఉర్దూను పెట్టింది తప్ప కశ్మీరీని కాదు. రాష్ట్రాధినేతను శాసనసభే ఎన్నుకునేది, ప్రభుత్వాధినేతను ప్రధానమంత్రి అనేవారు. 1965లో సవరణతో వాళ్లు గవర్నర్, ముఖ్యమంత్రి అయ్యారు.

కోర్టుల్లో రెండు పాత తీర్పులు పదేపదే ఎదురెదురుగా నిలబడ్డాయి. పెద్ద భూస్వాముల భూములు తీసుకునే చట్టంపై వచ్చిన ప్రేమ్‌నాథ్ కౌల్ కేసులో (1959), రాష్ట్ర రాజ్యాంగ సభ నిర్ణయానికే అంతిమ ప్రాధాన్యం అన్నట్టు సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. సంపత్ ప్రకాశ్ కేసులో (1968) మాత్రం సభ పోయినా 370 బతికే ఉందని, దాని కింద రాష్ట్రపతి ఉత్తర్వులు ఇస్తూనే ఉండవచ్చని చెప్పింది. 2016లో బ్యాంకు బకాయిల వసూలు కేసు ఒకటి వచ్చి, రాష్ట్ర రాజ్యాంగం భారత రాజ్యాంగానికి లోబడినదేనని, దాని బయట సార్వభౌమత్వపు ఛాయ కూడా లేదని తేల్చింది.

2019 ఆగస్టు 5న 370ని తీసేయడానికి కేంద్రం దొడ్డిదారి పట్టింది. రాజ్యాంగ సభ అన్నచోట శాసనసభ అని చదువుకోవాలని, రాజ్యాంగంలోని పదాలను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే 367వ అధికరణంలో చేర్చింది. శాసనసభ రద్దయి రాష్ట్రపతి పాలన ఉంది కాబట్టి సభ బదులు పార్లమెంటే సిఫారసు చేసింది. సవాలు చేసిన వారు పై రెండు పాత తీర్పులూ పొసగవని, ఏడుగురి ధర్మాసనానికి పంపాలని కోరితే, 2020 మార్చి 2న మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ఐదుగురి ధర్మాసనం వాటి మధ్య వైరుధ్యం లేదని కాదనేసింది.

370 తొలగింపుపై సుప్రీంకోర్టు ఇచ్చిన 2023 డిసెంబర్ 11 తీర్పును తరచూ కేంద్రానికి సంపూర్ణ విజయంగానే చెబుతారు. నిజానికి 367 ద్వారా 370ని మార్చిన పద్ధతి చెల్లదని కోర్టు అంది. అయితే రాజ్యాంగ సభ సిఫారసు రాష్ట్రపతిని కట్టిపడేసేది కాదని, సభ రద్దుతో ఆయన అధికారం పోలేదని చెప్పి ఫలితాన్ని నిలబెట్టింది. భారత రాజ్యాంగం మొత్తం వర్తిస్తున్నప్పుడు రాష్ట్ర రాజ్యాంగానికి ఇక పనిలేదంది. రాష్ట్రానికి సార్వభౌమత్వం లేదనడానికి కోర్టు చూపిన ఆధారాల్లో ఆ రాజ్యాంగంలోని 3వ సెక్షన్ కూడా ఉంది. ప్రత్యేకతకు గుర్తుగా కొందరు చూపించే పుస్తకంలోంచే ఆ వాక్యం వచ్చింది.

ఆ రాజ్యాంగంలోని ఒక ఏర్పాటు మాత్రం ఇంకా నడుస్తోంది. పాక్ ఆక్రమిత ప్రాంతం కోసం 48వ సెక్షన్ శాసనసభలో మొదట 25, తర్వాత 24 స్థానాలు ఖాళీగా ఉంచింది. 2019 పునర్విభజన చట్టమూ ఆ 24ను అలాగే ఉంచింది. 2024లో 90 స్థానాలకు ఎన్నికలు జరిగాయి. ఆ 24 మాత్రం ఖాళీగానే ఉన్నాయి.