స్లాషర్ సీక్వెళ్లలో నెత్తురు: అపోహలు – వాస్తవాలు

ప్రొస్థెటిక్ మేకప్ నా వృత్తి. స్లాషర్ సినిమాలకు, అంటే హంతకుడొకడు వరుసగా మనుషుల్ని చంపుకుంటూ పోయే భయానక చిత్రాలకు, తెగిన మెడలు, చీలిన పొట్టలు, ఊడిపడిన వేళ్లు తయారుచేసి ఇస్తుంటాం. ఏం పని చేస్తావని అడిగినవాళ్లకు ఈ సంగతి చెప్పగానే వరుసగా కొన్ని మాటలు వినిపిస్తాయి. అందులో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. ఎక్కువగా వినేవి ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: మొదటి భాగంలో కథ ఉంటుంది. సీక్వెల్‌కు కథ అయిపోతుంది కాబట్టి రక్తం పోస్తారు.

ఇది సగం నిజం. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్'లో రక్తపాతం ఘోరంగా ఉంటుందని చాలామంది అంటారు. మళ్లీ ఒకసారి చూడండి, తెర మీద నెత్తురు చాలా తక్కువ. భయపెట్టేదంతా ఆ తెల్ల ముసుగు, ఆ సంగీతం, ఫ్రేములో ఓ మూల కదలకుండా నిలబడిన మనిషి. సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన సినిమా అది. 1974 నాటి 'టెక్సస్ చైన్‌సా మాసకర్' కూడా అంతే. రంపం శరీరంలో దిగడం మనం చూశామనుకుంటాం, నిజానికి చూసింది చాలా కొంచెం.

1980లో 'ఫ్రైడే ద థర్టీన్త్' వచ్చి లెక్క మార్చేసింది. టామ్ సావిని చేసిన ఎఫెక్ట్స్‌లో కెమెరా పక్కకు తిరగదు, దెబ్బ పడేది చూపిస్తుంది. జనం ఎగబడ్డారు. మరుసటి ఏడాది 'హాలోవీన్ 2'ను రిక్ రోసెంథాల్ తీస్తే, పోటీ సినిమాల ముందు ఇది మరీ మెత్తగా ఉందని కార్పెంటరే మరికొన్ని హింసాత్మక షాట్లు తీసి కలిపాడు. అంటే ఆ సీక్వెల్‌లో నెత్తురు పెరిగింది కథ అయిపోయి కాదు, పక్క థియేటర్లో ఆడుతున్న సినిమాను చూసి.

ఇంకో కారణం కథ నడిచే తీరులోనే ఉంది. మొదటి భాగంలో హంతకుడు ఎవరు, ఎందుకు చంపుతున్నాడు అన్నది టెన్షన్. రెండో భాగానికి వచ్చేసరికి ముసుగు తెలుసు, ఆయుధం తెలుసు, వాడు చావడనీ తెలుసు. ప్రేక్షకుడికి మిగిలే ప్రశ్న 'ఈసారి ఎలా చంపుతాడు?' అన్నదొక్కటే. సీక్వెల్ అంటే శవాలు ఎక్కువ, చావులు మరింత ఆర్భాటంగా అని 1997లో 'స్క్రీమ్ 2' పాత్రల చేతే చెప్పించి వెక్కిరించింది. స్క్రిప్టులో మాత్రం 'గొడ్డలితో నరుకుతాడు' అని ఒక్క వాక్యం రాసి ఉంటుంది. ఎక్కడ దిగాలి, ఎంత లోతు దిగాలి, తల ఎటు వాలాలి అన్నదంతా మా బల్ల మీదకు వస్తుంది.

అపోహ: సీక్వెల్ నంబరు పెరిగేకొద్దీ గోర్ (తెర మీద చూపించే నెత్తురు, గాయాలు) పెరుగుతూ పోతుంది.

అభిమానులు గట్టిగా నమ్మే మాట ఇది, అతి తేలిగ్గా తప్పని తేలేది కూడా ఇదే. 'ఫ్రైడే ద థర్టీన్త్' వరుసనే తీసుకోండి. 1980లో మొదటి సినిమా, ఏ సినిమా ఎవరు చూడొచ్చో తేల్చే అమెరికా రేటింగ్ బోర్డు కన్ను తప్పించుకున్నట్టే బయటపడింది. దాని మీద వచ్చిన విమర్శలతో ఆ తర్వాతి భాగాలకు బోర్డు కత్తెర పదును పెట్టింది. 1981 నాటి రెండో భాగంలోనే కోతలు మొదలయ్యాయి. ఏడో భాగం (1988) సంగతి మరీ అన్యాయం. దాని దర్శకుడు జాన్ కార్ల్ బ్యూక్లర్ స్వయంగా మేకప్ ఎఫెక్ట్స్ మనిషి. ప్రతి చావునూ శ్రద్ధగా తయారుచేసుకున్నాడు. బోర్డు దాదాపు అన్నింటినీ కత్తిరించింది. చాలా షాట్లు దెబ్బ తగిలీ తగలకముందే తెగిపోతాయి. కోసేసిన ముక్కలు ఇప్పుడు నాసిరకం వీడియో కాపీలుగానే చూడగలం. ఆ సినిమాను మొదటి భాగం పక్కన పెట్టి చూస్తే ఎందులో రక్తం ఎక్కువో ఇట్టే తెలుస్తుంది.

స్టూడియోలు ఆ కోతలకు ఎందుకు ఒప్పుకున్నాయంటే, బోర్డు కాదంటే సినిమాకు 'ఎక్స్', అంటే పెద్దలకు మాత్రమే అన్న ముద్ర, పడేది. 'ఎక్స్' అంటే చాలా పత్రికలు ప్రకటన వేసేవి కావు, చాలా థియేటర్లు తెర ఇచ్చేవి కావు. 1990లో దాని స్థానంలో 'ఎన్‌సీ-17' వచ్చినా భయం పోలేదు. రేటింగే వద్దని నేరుగా విడుదల చేసిన సినిమాలూ ఉన్నాయి. 1986లో 'టెక్సస్ చైన్‌సా' రెండో భాగం అలాగే వచ్చింది. ఈ మధ్య 2024లో 'టెర్రిఫయర్ 3' కూడా రేటింగ్ లేకుండానే వచ్చింది. సుమారు 20 లక్షల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి దాదాపు 9 కోట్ల డాలర్లు రాబట్టింది. రేటింగ్ లేకపోవడమంటే నిషేధం అనుకుంటారు కొందరు. అమెరికాలో ఆ రేటింగ్ తీసుకోవడం చట్టం పెట్టిన షరతు కాదు, సినీ పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న ఏర్పాటు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. 'ఫ్రైడే ద థర్టీన్త్' ఏడో భాగంలో స్లీపింగ్ బ్యాగులో ఉన్న అమ్మాయిని హంతకుడు జేసన్ చెట్టుకేసి కొట్టే సీన్ ఉంది. మొదట చాలా దెబ్బలు తీశారు, కోతల తర్వాత మిగిలింది ఒక్కటే. ఆ ఒక్క దెబ్బకే సీన్ బాగా పండింది. బోర్డు వల్ల సినిమా బాగుపడిన అరుదైన సందర్భం.

అపోహ: రక్తం అంటే ఎర్ర రంగు నీళ్లే కదా.

1960లో 'సైకో'కు చాక్లెట్ సిరప్ వాడారు, అది నలుపు-తెలుపు సినిమా కాబట్టి చెల్లింది. రంగుల్లో అలా కుదరదు. మా రంగంలో మేకప్ కళాకారుడు డిక్ స్మిత్ పద్ధతిని అందరూ పునాదిగా తీసుకుంటారు. అందులో ఉండేవి కార్న్ సిరప్, ఎరుపు-పసుపు ఫుడ్ కలర్, పారదర్శకంగా కనిపించకుండా కొంచెం జింక్ ఆక్సైడ్, పాడవకుండా మిథైల్ పారబెన్. బట్టలో చక్కగా ఇంకడానికి ఫొటోలు కడిగేటప్పుడు వాడే ఫొటో-ఫ్లో అనే ద్రవం కూడా కలిపేవాడు ఆయన. అది విషం, నోట్లోకి వెళ్లే రక్తంలో పొరపాటున కూడా వేయకూడదు. అందుకే నోటి రక్తం సీసా వేరు, బట్టల రక్తం సీసా వేరు, రెండింటి మీదా పెద్ద అక్షరాలతో రాసి పెడతాం.

అంతటితో అయిపోదు. ఇప్పుడే కారిన రక్తం వేరు, గంట తర్వాతి రక్తం వేరు, మర్నాటి ఉదయం నేల మీది మరక వేరు. రక్తం ఎండేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇక స్లాషర్ అంటే సగం సినిమా రాత్రిపూటే, నీలం లైట్ల కిందే జరుగుతుంది. నీలం వెలుగులో ఎరుపు నల్లగా పడుతుంది. అక్కడ మామూలు రక్తం వాడితే తారు పూసినట్టుంటుంది, కాబట్టి మరింత ప్రకాశవంతమైన రంగు కలుపుకోవాలి. కెమెరామన్ లైట్లు మార్చాడంటే మేం మళ్లీ రంగు కలుపుకోవాల్సిందే.

గొంతు కోసే షాట్ ఎలా తీస్తారో చెబుతాను. కత్తికి పదునుండదు. కెమెరాకు కనిపించని వైపు అంచు వెంబడి సన్నటి ట్యూబు అతికించి ఉంటుంది, దాని రెండో కొస నటుడి చొక్కా చేతిలోంచి కిందకు వెళ్లి నా చేతిలోని సిరంజికి చేరుతుంది. అతను కత్తి లాగుతుంటే నేను అదే వేగంతో సిరంజి నొక్కాలి. నేను అరక్షణం ముందైతే కత్తే చెమర్చినట్టుంటుంది, వెనకబడితే గీత ఖాళీగా ఉంటుంది. గాయం తెరుచుకోవాలంటే మెడ మీద సిలికోన్ ముక్క అతికించాలి. ఆ సిలికోన్‌కు లేటెక్స్ అంటే పడదు. తయారుచేసేటప్పుడు లేటెక్స్ గ్లోవ్స్‌తో ముట్టుకుంటే ఆ చోటు గట్టిపడకుండా జిగటగానే ఉండిపోతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు మేం మొదట చెప్పే జాగ్రత్త ఇదే.

పంపులూ మొరాయిస్తుంటాయి. 1980 నాటి 'ఫ్రైడే ద థర్టీన్త్'లో నటుడు కెవిన్ బేకన్ మెడలోంచి బాణం పైకి వచ్చే షాట్ గుర్తుందా? నటుడి తల మాత్రమే నిజం, ఒళ్లంతా మంచం కిందే ఉంది, పైన కనిపించే మెడా ఛాతీ నకిలీవి. సరిగ్గా ఆ సమయానికి రక్తం పంపు ట్యూబు ఊడిపోతే, సావిని సహాయకుడు టాసో స్టావ్రాకిస్ దాన్ని నోట్లో పెట్టుకుని ఊదాడు. అందుకే ఆ నెత్తురు ఒక్క ధారగా కాకుండా బుడగలతో ఉబికి వస్తుంది. దాన్ని మించి నిజంలా కనిపించే షాట్ ఆ సినిమాలో మరొకటి లేదని నా అభిప్రాయం.

అపోహ: ఇప్పుడంతా గ్రాఫిక్సే.

కాదు. ట్యూబులు చెరపడానికి, అతుకుల గీతలు దాచడానికి గ్రాఫిక్స్ బాగా పనికొస్తుంది. పూర్తిగా కంప్యూటర్‌లో వేసిన రక్తంతో వచ్చే చిక్కేమిటంటే, గాల్లో ఎగిరేది బాగానే ఉంటుంది గానీ చొక్కాలో ఇంకదు, జుట్టుకు అంటుకోదు, నటుడి కంట్లో పడి రెప్ప వేయించదు. అయినా నిర్మాతలు దాన్నే ఇష్టపడే కారణం ఒకటుంది. అసలు రక్తంతో టేక్ పాడైతే గోడ తుడవాలి, నటుడిని కడగాలి, అదే డ్రెస్సు ఇంకో జత వేయాలి. అంతసేపు యూనిట్ మొత్తం ఖాళీగా కూర్చోవాలి.

అపోహ: ఇలాంటివి చేసేవాళ్ల మనసు కూడా అలాంటిదే.

సావిని వియత్నాం యుద్ధంలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాడు, నిజమైన శవాలను చూసినవాడు. ఆయన ఈ పనిని ఎప్పుడూ ఇంద్రజాలమనే అన్నాడు. నా తోటివాళ్లలో చాలామంది నిజం రక్తం చూస్తే ముఖం తిప్పుకునేవాళ్లే. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అపోహ: నటులకు అసలు ప్రమాదం కత్తులతో.

కత్తులు రబ్బరువో, మొద్దువో. నిజంగా దెబ్బలు తగిలేది నేల జారి. చక్కెర పాకం పడిన పలకల మీద పరుగెత్తే సీన్ ఉందంటే మాకు గుండె దడే. రాత్రి షూటింగుల్లో తడి బట్టలతో గంటల తరబడి చలికి వణకడం, చీమలూ ఈగలూ ముసరడం ఉండనే ఉన్నాయి. చర్మానికి పట్టిన ఎర్ర మరక సబ్బుకు వదలకపోతే షేవింగ్ ఫోమ్ రాసి తుడుస్తాం.

అపోహ: సినిమా చూసి జనం స్పృహ తప్పారన్నది పబ్లిసిటీ స్టంటు.

2022లో 'టెర్రిఫయర్ 2' విడుదలైనప్పుడు ఈ వార్తలు బాగా తిరిగాయి. ప్రచారానికి వాడుకున్నారనడంలో సందేహం లేదు. కానీ అలా జరగడం అసాధ్యమేమీ కాదు. మామూలు భయంలో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. నెత్తురు, గాయాలు చూస్తే పడనివాళ్లకు మాత్రం కాసేపటికి రెండూ ఒక్కసారిగా పడిపోతాయి, మెదడుకు రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి. అందుకే 'ధైర్యం తెచ్చుకో, వదులుగా కూర్చో' అనే సలహా వీళ్లకు పనికిరాదు. ఒళ్లు తేలిపోతున్నట్టు అనిపించగానే చేతులు, తొడలు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు గట్టిగా బిగపట్టి, కొంచెం వదిలి, మళ్లీ బిగించాలి. రక్తపోటు మళ్లీ పైకొస్తుంది. అప్పటికీ తగ్గకపోతే లేచి బయటకు పరుగెత్తకండి, మెట్ల మీద పడతారు. సీట్లోనే తల కిందకు వంచి కూర్చోండి, సీన్ ఎలాగూ రెండు నిమిషాల్లో అయిపోతుంది.