ద్వీపం మీద ఒక్క మబ్బు

ద్వీపాల్లో ఎండకు కరువు లేదు. డీజిల్ మాత్రం ఓడలో రావాలి, తుఫాను పడితే ఆ ఓడ కూడా రాదు. మరి సౌర ఫలకాలు పరిచేసి జనరేటర్లు ఆపేయవచ్చు కదా? ఆపేయవచ్చు. కానీ ఆ జనరేటర్ విద్యుత్తుతోపాటు, ఎవరూ లెక్కగట్టని ఇంకో పని కూడా చేసిపెడుతోంది.

సూర్యుడికి ఒక మబ్బు అడ్డం వచ్చిందనుకోండి. వందల కిలోమీటర్ల గ్రిడ్‌కు, అంటే విద్యుత్ తీగల వలకు, అది పట్టదు. ఒకచోట నీడైతే మరోచోట ఎండ. ఐదారు కిలోమీటర్ల ద్వీపంలో ఫలకాలన్నీ ఒకే మబ్బు కిందికి వస్తాయి. నిమిషం తిరగకముందే సౌర విద్యుత్తు సగానికి పడిపోవచ్చు, వాడకం మాత్రం తగ్గదు. ఆ క్షణాన ఆదుకునేది జనరేటర్‌లో గిర్రున తిరిగే బరువైన ఇనుము. అది తన వేగంలోంచి కాస్త శక్తిని గ్రిడ్‌కు ఇచ్చి నెమ్మదిస్తుంది. 50 లేదా 60 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు అన్ని ఆవృత్తుల వద్ద, నిలవాల్సిన కరెంటు ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా కూలిపోకుండా మెల్లగా జారుతుంది. ఈలోగా ఇంజిన్‌కు ఇంధనం పెరుగుతుంది. ఫలకంలో తిరిగేది ఏదీ లేదు. పైగా ఫలకాల డీసీ కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్లలో పాతరకానివి ఫ్రీక్వెన్సీ తగ్గగానే గ్రిడ్ నుంచి తప్పుకొనేవి, సరిగ్గా అవసరపడ్డ వేళకే!

పోనీ జనరేటర్‌ను నామమాత్రంగా నడుపుదామా? సామర్థ్యంలో సుమారు 30 శాతం కన్నా తక్కువ లోడు మీద ఎక్కువకాలం నడిస్తే ఇంధనం పూర్తిగా మండక పొగగొట్టంలో జిడ్డులా పేరుకుంటుంది. అందుకే మిట్టమధ్యాహ్నం ఎండను వదులుకుని డీజిల్ కాల్చే విడ్డూరం కూడా జరుగుతుంది.

బ్యాటరీలు ఈ ముడిని చాలావరకు విప్పాయి. అమెరికన్ సమోవాలోని తౌ ద్వీపంలో 2016లో 1.4 మెగావాట్ల ఫలకాలకు 6 మెగావాట్ అవర్ల నిల్వను జోడించారు. కొన్ని వందల మంది ఉండే ఊళ్లకు సరిపోయింది. పెద్ద ద్వీపాల సంగతి వేరు. హవాయిలోని కవాయ్‌లో 2021 నవంబర్ 21 తెల్లవారుజామున, అప్పటి వాడకంలో దాదాపు 60 శాతం మోస్తున్న జనరేటర్ ఆగిపోయింది. బ్యాటరీలు వెంటనే అందుకున్నాయి, కానీ గ్రిడ్ సెకనుకు 18 నుంచి 20 సార్లు ఊగుతూ నిమిషంపాటు కంపించింది. గ్రిడ్‌లో అప్పటికే ఉన్న ఫ్రీక్వెన్సీ లయను అనుసరించడమే తెలిసిన ఇన్వర్టర్లు ఎక్కువైతే ఇదే చిక్కు. ఆ లయను తామే నిలబెట్టే రకం కొన్ని ఉండబట్టి ఆ రోజు గ్రిడ్ నిలబడింది.