డేటాబేస్ కోసం ప్రత్యేక హార్డ్‌వేర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: వేగమైన చిప్ పెడితే చాలు, క్వెరీ (డేటాబేస్‌ను మనం అడిగే ప్రశ్న) దానంతటదే పరిగెడుతుంది.

వాస్తవం: డేటాబేస్ పనిలో లెక్కల కంటే డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడమే ఎక్కువ. టేబుల్‌లో ఒక్కో రికార్డు 200 బైట్లు అనుకోండి. క్వెరీకి కావాల్సింది తేదీ, డబ్బు మొత్తం. రెండూ కలిపి 12 బైట్లు. రికార్డుల వారీగా దాచిన టేబుల్‌లో మిగతా 188 బైట్లూ డిస్కు నుంచి మెమరీ దాకా ఊరికే వెంట వస్తాయి. రెండు విలువల్ని పోల్చడం ప్రాసెసర్‌కి ఒక్క నానోసెకను పని కూడా కాదు. డీర్యామ్ (కంప్యూటర్ ప్రధాన మెమరీ) నుంచి ఆ విలువ రావడానికే దాదాపు 100 నానోసెకన్లు, ఎస్‌ఎస్‌డీ నుంచైతే పదుల మైక్రోసెకన్లు పడుతుంది. అందుకే ఇలాంటి హార్డ్‌వేర్ చేసే మేం డిజైన్ మొదలుపెట్టేటప్పుడు ముందు చూసేది, ఏ బైట్లను అసలు కదపకుండా వదిలేయొచ్చో.

డేటాబేస్ సర్వర్లు తయారుచేసిన నెటెజా కంపెనీ చేసింది ఇదే (2010లో దాన్ని ఐబీఎం కొనేసింది). డిస్కు నుంచి వచ్చే దారిలో ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక కూడా లోపలి సర్క్యూట్‌ను మార్చుకోగల చిప్) పెట్టి, అక్కర్లేని రికార్డుల్నీ కాలమ్‌లనూ అక్కడే వడగట్టింది. ఎఫ్‌పీజీఏ క్లాక్ మామూలు ప్రాసెసర్ కంటే చాలా నెమ్మది. అయితేనేం, డిస్కు ఇచ్చే వేగాన్ని అందుకుంటే సరిపోతుంది.

అపోహ: ఇండెక్స్ (రికార్డు ఎక్కడుందో చెప్పే సూచిక) వెతుకులాటను చిప్‌లోకి ఎక్కిస్తే ఆలస్యమే ఉండదు.

వాస్తవం: ఇండెక్స్‌ను సాధారణంగా బీ-ప్లస్ ట్రీ అనే చెట్టులాంటి అమరికలో దాస్తారు. అందులో ఒక నోడ్ (కొమ్మలు చీలే చోటు) చదివితేగానీ తర్వాతి నోడ్ అడ్రస్ తెలియదు. ఈ ఎదురుచూపును ఏ చిప్పూ తప్పించలేదు. ఒక వెతుకులాట మెమరీ కోసం ఆగినప్పుడు ఇంకొకదాన్ని నడిపించవచ్చు, అంతే. ఒకేసారి వందల రిక్వెస్టులు రాని సిస్టమ్‌లో దీనివల్ల ఒరిగేది తక్కువ.

అపోహ: ఇదంతా ఈమధ్య వచ్చిన ఫ్యాషన్.

వాస్తవం: 1970లలోనే డేటాబేస్ యంత్రాలపై (డేటాబేస్ పని కోసమే చేసిన కంప్యూటర్లపై) జోరుగా పరిశోధన సాగింది. 1983లో బోరల్, డివిట్ అనే పరిశోధకులు వీటికి కాలం చెల్లిందా అని అడుగుతూ పేపర్ రాశారు. మరుసటి ఏడాదే టెరాడేటా కంపెనీ డేటాబేస్ యంత్రం డీబీసీ/1012 వచ్చింది. అందులో ఉన్నవి మామూలు ఇంటెల్ 8086 ప్రాసెసర్లే. ప్రత్యేకంగా చేసింది వాటిని కలిపే వైనెట్ నెట్‌వర్క్‌ని. ఫలితాల్ని వరుసక్రమంలో కలిపే పని అదే చూసుకునేది. అవసరమైన ఒక్కచోటే బుర్ర ఖర్చుపెట్టారు, నాకు నచ్చేది అదే.

అపోహ: డ్రైవ్ "రాసేశాను" అంటే డేటా భద్రం.

వాస్తవం: అది ఇంకా డ్రైవ్ లోపలి ర్యామ్‌లోనే ఉండొచ్చు. సర్వర్లకు వాడే చాలా ఎస్‌ఎస్‌డీలను విప్పి చూస్తే కెపాసిటర్లు కనిపిస్తాయి. కరెంటు పోయాక ర్యామ్‌లో ఉన్నదాన్ని ఫ్లాష్‌లోకి (కరెంటు లేకున్నా డేటా నిలిచే చిప్‌లలోకి) దింపడానికే అవి. అవి లేని డ్రైవ్‌లో ప్రతి కమిట్ (మార్పును ఖాయం చేయడం) ఫ్లాష్ దాకా వెళ్లాల్సిందే, వేగం దబ్బున పడిపోతుంది. బెంచ్‌మార్క్ అంకెలు చూసి మురిసిపోయే ముందు, ఫ్లష్ (డేటాను ర్యామ్ నుంచి ఫ్లాష్‌లోకి దింపమనే ఆదేశం) ఆపేసి కొలిచారేమో అడగండి.