పెల్లెట్‌ను ఇసుక ఎలా ఆపుతుంది?

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, దొడ్లో ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తున్న. టార్గెట్ వెనుక పాత కడీ రాయి నిలబెట్టిన. పెల్లెట్లు ఎగిరి నా దిక్కే వస్తున్నయి. ఇనుప రేకు పెట్టాల్నా?"

వద్దు తమ్మీ, రాయీ వద్దు, రేకూ వద్దు. ఇసుక నింపిన బస్తాలు పెట్టు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో వాడేది 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్. బరువు అర గ్రాము పైచిలుకు, వేగం సెకనుకు సుమారు 175 మీటర్లు. లెక్క కడితే 8 జౌళ్ల శక్తి. రాయికి తగిలితే ఈ శక్తంతా పెల్లెట్ నలిగే ఆ నాలుగు మిల్లీమీటర్లలోనే ఖర్చు కావాలి. అంటే సగటున 2000 న్యూటన్ల బలం, రెండు క్వింటాళ్ల బరువంత. ఆ బలమే పెల్లెట్‌ను నలిపి నీ దిక్కు ఎగరేస్తుంది. అదే ఇసుకలో పది సెంటీమీటర్లు దూసుకెళ్లి ఆగితే 80 న్యూటన్లు చాలు, అంటే ఎనిమిది కిలోలే. బడిలో శక్తి ఒక పాఠం, బలం ఇంకో పాఠం. రెంటినీ కలిపేది దూరమని పిల్లలకు చేసి చూపించేవాళ్లు తక్కువ.

ఇక ఇసుక లోపల జరిగేది చూడండి. పెల్లెట్ ముందుకు పోవాలంటే ఎదురున్న రేణువులను తన వేగంతోనే పక్కకు తోయాలి. వేగం రెట్టింపైతే సెకనుకు ఎదురయ్యే రేణువులూ రెట్టింపు, ఒక్కోదానికి ఇవ్వాల్సిన తోపూ రెట్టింపు. అంటే నిరోధం నాలుగింతలు. ఘనపు మీటరుకు 1600 కిలోల సాంద్రతతో ఉజ్జాయింపుగా లెక్కేస్తే, ప్రతి మూడు సెంటీమీటర్లకు వేగం సగమవుతుంది: 175, 87, 44, 22. మొదటి మూడు సెంటీమీటర్లలోనే ముప్పావు శక్తి పోయింది! పెల్లెట్‌ను రెట్టింపు వేగంతో కొట్టినా అది ఇంకో మూడు సెంటీమీటర్లే లోపలికి పోతుంది. ఈ సంగతి నాకు ఎప్పటికీ పాతబడదు.

వేగం తగ్గాక పని రాపిడిది. ఇరుకు మూతి చెంబులో నిండా బియ్యం పోసి, నేలకు తట్టి, పప్పుగుత్తి కాడను నాలుగైదు సార్లు గుచ్చి తీయండి. చివరిసారి లోతుగా గుచ్చి పైకెత్తితే కాడతో పాటు చెంబే లేస్తుంది. దగ్గరగా సర్దుకున్న గింజ కదలాలంటే పక్క గింజ మీదికి ఎక్కాలి, అందుకు జాగా కావాలి. చెంబు గోడ జాగా ఇవ్వదు, దాంతో గింజలన్నీ కాడను పట్టేస్తాయి. సర్దుకున్న గింజలు కదిలితే ఉబ్బుతాయని 1885లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ వివరించాడు. అందుకే బస్తాను వదులుగా నింపొద్దు, చెంబులాగే తట్టి తట్టి నింపాలి.

దుందుభి వాగు ఇసుకైనా, క్రషర్ డస్ట్ అయినా జల్లెడ పట్టాల్సిందే. ఒక్క కంకర ముక్క ఉన్నా పెల్లెట్ పక్కకు ఎగురుతుంది. చెల్క మట్టిలో గులకరాళ్లుంటాయి, నల్లరేగడి ఎండితే గడ్డ కడుతుంది, రెండూ పనికిరావు. యూరియా బస్తా ఎండకు పెళుసై చిరుగుతుంది, గోనె సంచి మేలు. అడుగు మందం తగ్గకుండా, టార్గెట్‌కు అన్ని వైపులా బాగా వెడల్పుగా పేర్చు, వెనుక గట్టి గోడ ఉండాలి. కళ్లద్దాలు లేకుండా ఒక్క షాట్ కూడా వద్దు. ఈ లెక్కంతా పెల్లెట్‌కే. మందుగుండు తుపాకీకి ఇంటి దొడ్డి చోటే కాదు.

ఒకే చోట కొడుతుంటే అక్కడ సీసం కుప్పపడి, కొత్త పెల్లెట్ పాతదానికి తగిలి ఎగురుతుంది. కాబట్టి అప్పుడప్పుడు బస్తా విప్పి జల్లించాలి. ఆ పని బోరు దగ్గర, కూరగాయల మడి దగ్గర చేయొద్దు. రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కలిసి ఎముకలను ఏం చేసిందో నల్లగొండకు వేరే చెప్పాలా? సీసం కూడా అలాగే నీళ్లలో, తిండిలో కలిస్తే పిల్లల మెదడుకు హాని చేస్తుంది, ఇంతవరకు ఫరవాలేదనే మోతాదు దానికి లేదు. దుమ్ము లేవకుండా ఇసుకను కొంచెం తడిపి జల్లించు, సబ్బుతో చేతులు కడుక్కో, ఏరిన సీసాన్ని మూత బిగిసే డబ్బాలో పెట్టి పిల్లలకు అందకుండా దాచు.